ముందు ఆ బ్రైట్‌నెస్ తగ్గించరా

ఒరేయ్ కిరణ్,

నువ్వు ఎడిట్ చేసిన పెళ్లి ఆల్బమ్ నల్లగా వచ్చిందని ప్రింట్ చేసే ల్యాబ్ వాడి మీద అరిచావటగా, మీ అమ్మ చెప్పింది. తప్పు నీ మానిటర్‌దే అయ్యుండొచ్చు. షాపులో తళతళలాడాలని కొత్త మానిటర్ల బ్రైట్‌నెస్ బాగా పెంచి పెడతారు, ఆ వెలుగులో నీకు ఫొటో తెల్లగా కనిపిస్తుంది, నువ్వు ఫొటో వెలుగు ఇంకాస్త తగ్గిస్తావు, తీరా కాగితం మీదికొచ్చేసరికి పెళ్లికూతురి మొహం మాడిపోతుంది. ప్రింట్ పనికి తెర వెలుగు చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలాలు (వెలుగు కొలత) చాలు. రెండ్రోజులు తెర డల్‌గా అనిపిస్తుంది, కంగారుపడి మళ్లీ పెంచకు.

రంగులు మాత్రం కంటితో సరిచేద్దామనుకోకు. పసుపు లైటు కింద కూడా తెల్లకాగితం తెల్లగానే కనిపిస్తుంది, మన కన్ను అంతలా సర్దుకుపోతుంది. కలరిమీటర్ కావాల్సిందే, అంటే తెర రంగుల్ని కొలిచే చిన్న పరికరం. స్పైడర్ గానీ కాలిబ్రైట్ వాళ్లది గానీ తీసుకో, ఖరీదనిపిస్తే మీ ఫ్రెండ్స్ నలుగురూ కలిసి ఒకటి కొనుక్కోండి, నెలకోసారి వాడే వస్తువేగా. దాంతో వచ్చే సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే డిస్‌ప్లేకాల్ ఉంది, ఉచితం.

మానిటర్ ఆన్ చేసి అరగంట వదిలెయ్. నైట్ లైట్, ఆటో బ్రైట్‌నెస్, డైనమిక్ కాంట్రాస్ట్ అన్నీ ఆపెయ్. సాఫ్ట్‌వేర్‌లో వైట్ పాయింట్ (తెలుపు ఏ ఛాయలో ఉండాలో) 6500 కెల్విన్, గామా (మధ్య ఛాయల వెలుగు) 2.2 పెట్టి మీటర్‌ని తెర మీద వేలాడదీస్తే మిగతాది అదే కొలిచి ఐసీసీ ప్రొఫైల్ తయారుచేస్తుంది, అంటే నీ తెర రంగుల్ని ఎలా చూపిస్తుందో చెప్పే ఫైలు. ఆ ప్రొఫైల్ విండోస్ చూసుకుంటుంది, దాన్ని తీసుకెళ్లి ఫొటోషాప్‌లో వర్కింగ్ స్పేస్‌గా (ఎడిటింగ్‌కి వాడే రంగుల పరిధిగా) పెట్టకు, చాలామంది అక్కడే చెడగొడతారు. అక్కడ ఎస్‌ఆర్‌జీబీ ఉంచు, అందరూ మామూలుగా వాడే రంగుల పరిధి అదే.

నీ గదికి ఆ నారింజ రంగు ఎవరు వేయించారో గానీ, మార్పించు. ఆ రంగు తెర మీద పడుతుంది, కళ్లనీ మోసం చేస్తుంది. లేత బూడిద రంగు మేలు. పడమటి కిటికీకి మందపాటి కర్టెన్ కట్టు.

మానిటరే మార్చాలనుకుంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లు, ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని తెర), ఎస్‌ఆర్‌జీబీ వంద శాతం అని గట్టిగా అడుగు. గేమింగ్ మానిటర్ అంటగడతారు, జాగ్రత్త.

కాలిబ్రేషన్ అయ్యాక ల్యాబ్ వాళ్ల ప్రొఫైల్ అడిగి తీసుకుని సాఫ్ట్ ప్రూఫ్ చూడు, అంటే ప్రింట్ ఎలా వస్తుందో తెర మీదే ముందుగా చూసుకోవడం. ఆల్బమ్ మొత్తం పంపేముందు మొహాలూ, ఎర్ర పట్టుచీరా ఉన్న ఫొటో ఒకటి చిన్న సైజులో ప్రింట్ తీయించి పగటి వెలుగులో చూసుకో. వాట్సాప్‌లో పంపితే మాత్రం ఒక్కో ఫోన్ ఒక్కోలా చూపిస్తుంది, రంగు తేడాగా ఉందనే పార్టీని స్టూడియోకి పిలిపించి, నీ తెర మీదే ఓకే చేయించుకుని అప్పుడు ప్రింట్‌కి పంపు.

మీ మామయ్య