ట్రెక్కింగ్‌లో మంచి మనుషులు పరిచయం కావాలంటే వెనక నడవండి

ట్రెక్కింగ్‌కి వెళ్తే స్ఫూర్తినిచ్చే మనుషులు నిజంగా తారసపడతారా, లేక అదంతా ఫొటోల కింద రాసుకునే మాటేనా అని అడిగారు. తారసపడతారు. కాకపోతే నాకు దొరికినవాళ్లంతా గుంపులో వెనకబడ్డవాళ్లే.

ముందు పోయేవాళ్ల ధ్యాసంతా శిఖరం మీదా, చేతి వాచీ మీదా ఉంటుంది. ఇంతకుముందు ఎక్కిన కొండల చిట్టా విప్పేవాళ్లు ఒకరైనా తప్పకుండా ఉంటారు, ఓపిక పట్టాలి. వెనక అలా కాదు, ఆయాసంతో ఆగుతుంటాం, ఆగిన ప్రతిసారీ పక్కవాళ్లతో ఏదో ఒక మాట కలుస్తుంది, పైగా చివరి మనిషిని వదలకుండా వచ్చే గైడ్ కూడా అక్కడే ఉంటారు.

ఒకసారి అలాగే రిటైరైన టీచరమ్మ ఒకావిడ కలిశారు. మోకాళ్ల నొప్పులు, రెండు చేతుల్లో కర్రలు, అయినా ప్రతి బండ దగ్గరా వంగి చూడటమే. మొదట్లో నాకు విసుగొచ్చింది. ఒక బండ మీద బూడిద రంగులో పొలుసుల్లా అతుక్కున్న లైకెన్ చూపించి, సీసాలోంచి నాలుగు నీటి చుక్కలు వేశారు. చూస్తుండగానే ఆకుపచ్చగా తిరిగింది! అది ఒకే జీవి కాదు, శిలీంధ్రం (ఫంగస్), శైవలం (నాచు లాంటి ఆల్గే) కలిసి చేసే కాపురం అన్నారు. తడిసినప్పుడు పైపొర పారదర్శకమై లోపలి శైవలం రంగు కనబడుతుందట. వీటిలో కొన్ని ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు కాబట్టి, ఆ అరచేతంత మచ్చ వయసులో మా ఇద్దరికన్నా పెద్దదై ఉండొచ్చని నవ్వారు.

ఈ వయసులో ఇదంతా ఎందుకండీ అంటే, ఎమ్మా గేట్‌వుడ్ గురించి చెప్పారు. పదకొండు మంది పిల్లల తల్లి, 1955లో 67 ఏళ్ల వయసులో, మూడు వేల కిలోమీటర్లు దాటే అమెరికాలోని అప్పలాచియన్ ట్రైల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకు ఒంటరిగా నడిచేశారు, అదీ మామూలు కాన్వాస్ బూట్లతో, తనే కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని. నా ఖరీదైన బ్యాగు వైపు ఆవిడ ఓ చూపు చూశారు లెండి.

మీకు వీలైతే ఒక్కరోజుది కాకుండా నాలుగైదు రోజుల ట్రెక్ ఎంచుకోండి, అందులోనూ ఎత్తైన చోటికి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది ఎత్తు జబ్బు (ఎత్తుకి పోయేకొద్దీ ఆక్సిజన్ తగ్గి వచ్చే అనారోగ్యం) రాకుండా పాటించే జాగ్రత్త. దాంతో ఎంత గట్టివాళ్లైనా నెమ్మదించక తప్పదు, ప్రతి సాయంత్రం క్యాంపులో మళ్లీ అవే మొహాలు, మొదటిరోజు ముభావంగా ఉన్నవాళ్లు మూడోరోజుకి వాళ్లంతట వాళ్లే కబుర్లు మొదలుపెడతారు. హెడ్‌ఫోన్స్ మాత్రం బ్యాగులోంచి తీయకండి. ఏం ఉద్యోగం అని అడిగితే మాట అక్కడితో ఆగిపోతుంది, ఈ దారికి ఎందుకొచ్చారని అడిగి చూడండి.

ఒంటరిగా వెళ్తుంటే ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి బయల్దేరండి. కొత్త పరిచయం ఎంత బాగున్నా, వాళ్ల మాట మీద గుర్తులున్న బాట వదిలి అడ్డదారి పట్టొద్దు.