తుపాకీ కొన్నవాడికి తాళం గురించి ఒక ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

నా ఇంట్లో నా తుపాకీని ఎలా పెట్టుకోవాలో చట్టం చెప్పడమేమిటని అడిగావు. నా జవాబు ముందే చెప్పేస్తాను: చెప్పాలి. కాకపోతే ఆ చట్టంలో ఏం రాశారన్నది అసలు సంగతి. అది తేల్చుకోవాలంటే తాళాలు ఏ పని చేస్తాయో, ఎక్కడ చేతులెత్తేస్తాయో తెలియాలి. కేబుల్ లాక్‌ని, అంటే తుపాకీకి వేసే తీగ తాళాన్ని, ఒక్కసారైనా చేత్తో పట్టుకోకుండా వాదించేవాళ్లు రెండు పక్షాల్లోనూ కావలసినంతమంది ఉన్నారు. కాబట్టి ముందు పని, తర్వాత చట్టం.

తాళం కంటే ముందు ఖాళీ చేయడం. గొట్టం మొనను మనిషి లేని దిక్కుకి తిప్పు. పక్కగదిలో ఎవరైనా ఉంటే ఆ గోడ వైపు కూడా వద్దు. వేలు ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు కడ్డీ) బయటే ఉండాలి. పిస్టల్ అయితే ముందు మ్యాగజైన్ (తూటాలుండే డబ్బీ) తీసెయ్, ఆ తర్వాతే స్లైడ్ (పైన జారే భాగం) వెనక్కి లాగు. ఈ వరస తారుమారైతే కొంప మునుగుతుంది. మ్యాగజైన్ ఉండగా స్లైడ్ లాగితే చాంబర్‌లో, అంటే పేలేముందు తూటా కూర్చునే గదిలో, ఉన్న తూటా బయటపడుతుంది, వదలగానే మ్యాగజైన్‌లోంచి ఇంకొకటి ఎక్కి కూర్చుంటుంది. కింద పడ్డ తూటాను చూసి, మ్యాగజైన్ కూడా తీసేసి, ఇక ఖాళీ అనుకుంటాడు మనిషి. అందుకని స్లైడ్‌ను వెనక్కి నిలిపి చాంబర్‌లోకి కళ్లతో చూడు, చిటికెన వేలితో తడిమి చూడు. రివాల్వర్‌కి సిలిండర్ (తూటాలు పట్టే గుండ్రటి తిరిగే భాగం) పక్కకి తీసి గదులన్నీ చూడు. గొట్టపు మ్యాగజైన్ ఉన్న షాట్‌గన్‌తో మరీ జాగ్రత్త. చాంబర్ ఖాళీగా కనిపించినా కింది గొట్టంలో గుళ్లు వరసగా ఉండొచ్చు. గొట్టం చివరిదాకా ఖాళీ అని రూఢి అయ్యేదాకా నమ్మకు. ఈ పని చేసేటప్పుడు తూటాల డబ్బా ఆ బల్ల మీద ఉండకూడదు.

ఇక కేబుల్ లాక్. ప్లాస్టిక్ తొడుగున్న ఉక్కు తీగ, చివర చిన్న కప్పతాళం. పిస్టల్‌కైతే స్లైడ్ వెనక్కి నిలిపి, తీగను పైన గుళ్లు బయటికి పడే కంతలోంచి దూర్చి, కింద మ్యాగజైన్ పెట్టే చోటు నుంచి బయటికి లాగి తాళం వెయ్యాలి. అప్పుడు స్లైడ్ మూసుకోదు, మ్యాగజైన్ ఎక్కదు. రివాల్వర్‌కి తీగ సిలిండర్‌లోని ఒక గదిలోంచి గానీ, తెరిచిన ఫ్రేమ్‌లోంచి గానీ పోవాలి, సిలిండర్ మూతపడకూడదు. బోల్ట్ రైఫిల్‌కి బోల్ట్ (చేత్తో వెనక్కి లాగే కడ్డీ) తీసి వేరేచోట తాళంలో పెట్టడం కూడా మంచి పద్ధతే. చాలామంది తీగను ట్రిగ్గర్ గార్డ్ చుట్టూ తిప్పి తాళం వేసి చేతులు దులుపుకుంటారు. అది తాళం కాదు, అలంకారం. ఆ తుపాకీలో తూటా పెట్టొచ్చు, పేల్చనూ వచ్చు.

ట్రిగ్గర్ లాక్ అంటే రెండు ముక్కలు. ట్రిగ్గర్‌కి అటూ ఇటూ పెట్టి బిగిస్తారు. తూటా ఉన్న తుపాకీకి దీన్ని ఎప్పుడూ వెయ్యకు. బిగించేటప్పుడు మధ్య కడ్డీ ట్రిగ్గర్‌ని నొక్కొచ్చు. బిగించాక అటూ ఇటూ ఊపి చూడు, కదిలితే ఆ మోడల్‌కి అది సరిపడదని అర్థం.

ఈ రెండూ పిల్లల్ని ఆపుతాయి, దొంగని ఆపవు. తుపాకీని అలాగే ఎత్తుకుపోయి తీగను తీరిగ్గా కత్తిరించుకుంటాడు. అయినా ఇంతకంటే చవకైన తాళం లేదు కాబట్టి, సేఫ్ కొనే స్తోమత లేదన్న సాకు ఇక్కడ చెల్లదు. అమెరికాలో 2005 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సున్న డీలరు హ్యాండ్‌గన్ (పిస్టల్, రివాల్వర్ లాంటిది) అమ్మితే తాళమో, అలాంటి సాధనమో ఇచ్చితీరాలి. ఇవ్వాలని ఉంది గానీ వాడాలని లేదు. ఆ తేడా ఎంత దూరం పోతుందో 2021 నవంబరు 30న మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో కనిపించింది. 15 ఏళ్ల కుర్రాడు నలుగురు విద్యార్థుల్ని కాల్చి చంపాడు. తుపాకీతో పాటు వచ్చిన కేబుల్ లాక్ ప్యాకెట్ కూడా విప్పకుండా ఇంట్లో దొరికిందని విచారణలో తేలింది. ఇంట్లో వేరే తుపాకులున్న పెట్టె కోడ్ సున్నా సున్నా సున్నా, ఫ్యాక్టరీ పెట్టి పంపిందే.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు ఈ కేసులోనే ఉంది. అప్పటికి మిషిగన్‌లో తాళం తప్పనిసరి అనే చట్టం లేదు. అయినా 2024లో ఆ కుర్రాడి తల్లినీ తండ్రినీ ఉద్దేశపూర్వకం కాని నరహత్య నేరం కింద దోషులుగా తేల్చి, ఒక్కొక్కరికి 10 నుంచి 15 ఏళ్లు జైలు వేశారు. తాళం చట్టం 2024 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. అంటే చట్టం లేనంత మాత్రాన యజమాని ఇష్టారాజ్యం అని కాదు. గీత ఎక్కడుందో ఎవరూ చెప్పరు, దాటాక కోర్టు గీసి చూపిస్తుంది. ముందే గీసి పెట్టమని అడగాల్సింది నిజానికి నీలాంటి యజమానులే.

పిస్టల్‌కి నేను చెప్పేది చిన్న లాక్‌బాక్స్. మందమైన ఉక్కుతో ఉండాలి, మంచానికో అల్మరాకో లోపల్నుంచి స్క్రూలతో బిగించి ఉండాలి. బిగించని పెట్టె దొంగకి మోసుకుపోవడానికి చేతిపిడి లాంటిది. నా ఓటు నాలుగైదు బటన్ల మెకానికల్ లాక్‌కి. బ్యాటరీ బెడద లేదు, అలవాటైతే చీకట్లో కూడా కొన్ని సెకన్లలో తెరుచుకుంటుంది. ఎలక్ట్రానిక్ కొంటే ఫ్యాక్టరీ కోడ్ ఆ రోజే మార్చు, బ్యాటరీ ఏడాదికోసారి మార్చు. అత్యవసర తాళంచెవి ఆ పెట్టెలోనే పెట్టి మూసేసేవాళ్లు ఉన్నారు, నవ్వకు.

వేలిముద్ర పెట్టెల మీద నాకు అనుమానం ఎక్కువ. తడి వేలికి, గాయం ఉన్న వేలికి తెరుచుకోవు. అంతకంటే ఘోరం, తెరుచుకోకూడని వేలికి తెరుచుకోవడం. 2023 అక్టోబరులో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ సుమారు 61,000 వేలిముద్ర పెట్టెల్ని వెనక్కి తెప్పించింది. యజమాని తన వేలిముద్ర నమోదు చేసేదాకా, లేదా చేశాననుకుని సరిగ్గా చేయనప్పుడు, ఆ పెట్టె ఎవరి వేలికైనా తెరుచుకునేది. ఒక 12 ఏళ్ల పిల్లవాడి మరణం దీనితో ముడిపడి ఉంది. అలాంటి పెట్టె ఉంటే నమోదు అయ్యాక, పెట్టె ఖాళీగా ఉన్నప్పుడే, ఇంట్లో ఇంకొకరి పది వేళ్లూ పెట్టించి చూడు. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ మళ్లీ పరీక్షించు.

రైఫిళ్లు, షాట్‌గన్‌లు ఉంటే నిలువు సేఫ్ తప్పదు. కొనేటప్పుడు రంగూ, చక్రం లాంటి పిడీ చూడకు, ప్రమాణం చూడు. అమెరికాలో ఉత్పత్తుల భద్రతను పరీక్షించే యూఎల్ సంస్థ వాళ్ల నివాస భద్రతా పెట్టె ప్రమాణంలో మొదటి స్థాయి అంటే, చేతి పనిముట్లతో 5 నిమిషాల దాడికి తట్టుకున్నదని. అయిదే. దాన్ని నేలకి బిగించకుండా వెల్లకిలా పడేస్తే మీటడం చాలా తేలిక. అడుగున ఉండే నాలుగు రంధ్రాల్లోంచి కాంక్రీటులోకి యాంకర్ బోల్టులు దించు, తలుపు గొళ్లెం పడే పక్క గోడ మూలకి ఆనేలా పెట్టు. గడ్డపార దూర్చడానికి చోటుండదు.

తేమ సంగతి మరిచిపోతే సేఫే తుపాకీని తినేస్తుంది. లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. చిన్న తేమమీటరు, అర కిలో సిలికా జెల్ డబ్బా పెట్టు. గింజల రంగు మారితే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకో. తోలు ఒరలోనో స్పాంజి సంచిలోనో పెట్టి దాచకు, తేమ పట్టి తుప్పెక్కుతుంది. ముట్టుకున్నాక నూనె గుడ్డతో తుడువు.

తూటాలు వేరే తాళంలో, వాటి అట్టపెట్టెల్లోనే, పొడిగా ఉండాలి. గాలి చొరని మందపాటి ఇనుప పెట్టెలో కుక్కకు. నిప్పంటుకుంటే ఒత్తిడి బయటికి పోయే దారి ఉండదు.

అన్నిటికంటే బలహీనమైన చోటు తాళంచెవి. చీరల బీరువా పైన, పుస్తకాల వెనక, సొరుగులో సాక్సుల కింద... పిల్లలకి తెలియని చోటు ఇంట్లో ఉందనుకోకు. దాచడం తాళం వెయ్యడం కాదు. కోడ్‌గా పుట్టినరోజు వద్దు, ఫోన్ కోడ్ అసలే వద్దు, అది పిల్లలకి నోటికొచ్చు. కీప్యాడ్ మీద నాలుగు అంకెలే మాసిపోయి ఉంటే అదీ చెప్పేస్తుంది, అప్పుడప్పుడు కోడ్ మార్చు. జర్మనీలో 2023లో మ్యున్‌స్టర్ ఉన్నత పరిపాలనా న్యాయస్థానం, తుపాకీ సేఫ్ తాళంచెవిని కూడా ఆ సేఫ్‌కి సమానమైన భద్రత ఉన్న పెట్టెలోనే ఉంచాలంది. విన్నవెంటనే నవ్వొస్తుంది, ఆ చెవిని పెట్టే పెట్టెకి చెవి ఎక్కడ పెట్టాలని. జవాబు సులువు: నంబరు తాళం వాడు.

ఆ దేశం అంత గట్టిగా ఉండడానికి కారణం ఉంది. 2009 మార్చిలో విన్నెండెన్ పట్టణంలో 17 ఏళ్ల కుర్రాడు 15 మందిని చంపాడు. తండ్రికి చాలా తుపాకులున్నాయి, సేఫ్ ఉంది, మిగతావి అందులోనే ఉన్నాయి. ఒక్క పిస్టల్ పడకగదిలో ఉంది. కొడుకు తీసుకున్నది దాన్నే. తండ్రికి శిక్ష పడింది. అదే ఏడాది చట్టం మార్చి, సరిగ్గా దాచానని నిరూపించుకునే బాధ్యత యజమాని మీద పెట్టారు, అనుమానం లేకపోయినా వచ్చి చూసే అధికారం అధికారులకి ఇచ్చారు.

మంచి చట్టం ఎలా ఉండాలో ఇప్పుడు చెప్పొచ్చు. యజమాని ఒంటి మీద, చేతికి అందేంత దగ్గర ఉన్న తుపాకీని వదిలెయ్యాలి. అతను దాన్ని విడిచి కదిలిన క్షణం నుంచి తాళం అడగాలి. ఈ మినహాయింపు లేక వాషింగ్టన్ డీసీ నిబంధన ఓడిపోయింది. ఇంట్లో తుపాకీ ఎప్పుడూ విప్పదీసో ట్రిగ్గర్ లాక్ వేసో ఉండాలన్న ఆ షరతును 2008లో హెల్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. మసాచుసెట్స్ చట్టంలో ఆ మినహాయింపు ఉంది, 2010లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానంలో నిలబడింది. కెనడా 1998 నిబంధనలు తుపాకీ రకాన్ని బట్టి మెట్లు పెట్టాయి. మామూలు వేట రైఫిల్‌ని ఖాళీ చేసి ట్రిగ్గర్ లాక్ వేస్తే చాలు. పిస్టల్‌కైతే లాకూ వెయ్యాలి, తాళం ఉన్న పెట్టెలోనూ పెట్టాలి, లేదంటే అందుకోసమే చేసిన సేఫ్ ఉండాలి. నాకు ఈ మెట్ల పద్ధతి నచ్చింది. ఫలానా కంపెనీ పెట్టె కొనమనే చట్టం, అందరూ తుపాకీ విప్పదీసి పెట్టమనే చట్టం నాకు నచ్చవు. ఎవరూ పాటించరు, పాటించని చట్టం మిగతావాటిని కూడా పలచన చేస్తుంది.

ఇంట్లోకొచ్చి చూడకుండా ఇది అమలవుతుందా అంటావు. పూర్తిగా కాదు. అయినా పిల్లల చేతికి తుపాకీ అందనివ్వని చట్టాలు (మొదటిది 1989లో ఫ్లోరిడాలో వచ్చింది) ఉన్నచోట చిన్నవయసువాళ్ల ఆత్మహత్యలు, పొరపాటు గాయాలు తగ్గుతున్నాయనడానికి ఆధారాలు గట్టిగా ఉన్నాయని రాండ్ అనే అమెరికా పరిశోధనా సంస్థ సమీక్ష తేల్చింది. తుపాకుల మీద ఎన్నో చట్టాలకి అంత ఆధారం కూడా లేదు.

ఆత్మహత్య మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా అవే. ఆ ఉధృతి చాలాసార్లు కొద్దిసేపటిదే, ఆ కాసేపు తుపాకీ చేతికి అందకపోతే మనిషి బతికే అవకాశం ఎంతో ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా మనసు బాగాలేదనిపిస్తే తాళంతో సరిపెట్టుకోకు. వాళ్లతో మాట్లాడు, వైద్యుడికి చూపించు, కొన్నాళ్లపాటు తుపాకీని ఇంట్లోంచే పంపించెయ్. మీ చట్టం ఒప్పుకునేదాన్ని బట్టి డీలరు దగ్గరో, షూటింగ్ క్లబ్బులోనో, పోలీసుల దగ్గరో పెట్టొచ్చు. ఆ మనసు బాగాలేనిది నీకే అయితే, చెవి ఇంకొకరి చేతిలో పెట్టు. అందులో చిన్నతనమేమీ లేదు.

కారు సేఫ్ కాదు. డ్యాష్‌బోర్డు అర అసలే కాదు. ఇంటికి పిల్లలున్న చుట్టాలు వస్తున్నారంటే వాళ్లు గుమ్మం తొక్కకముందే పెట్టెలన్నీ ఒకసారి లాగి చూడు. ఒక్కో తుపాకీ సీరియల్ నంబరూ ఫోటో తీసి కాగితం మీద రాసి, తుపాకీలున్న సేఫ్‌లో కాకుండా వేరేచోట ఉంచు. పోయిందని తెలిసిన రోజే పోలీసులకి చెప్పాలి, ఆ నంబరు లేకపోతే వాళ్లకి వెతకడానికి ఏమీ ఉండదు.

నీ పెదనాన్న