బార్సిలోనా వెళ్తే నోటికి స్పానిష్ చాలు, కంటికి మాత్రం కాటలాన్ కావాలి

మీరు అడిగింది ఇదీ: అమ్మానాన్నలను తీసుకుని బార్సిలోనా, చుట్టుపక్కల ఊళ్లు, వీలైతే పక్కనున్న చిన్న దేశం ఆండోరా కూడా చూడాలనుకుంటున్నారు. కొన్ని నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నారు. ఇప్పుడెవరో అక్కడ కాటలాన్ అనే ఇంకో భాష ఉందన్నారు. స్పానిష్ మాట్లాడితే వాళ్లకు కోపం వస్తుందా, ఈ రెండో భాష కూడా నేర్చుకోవాలా అని మీ టెన్షన్.

కోపం రాదు. నేను చదువు కోసం వెళ్లి, తర్వాత ఉద్యోగంలో చేరి, కొన్నేళ్లు బార్సిలోనాలో ఉన్నాను. స్పానిష్ మాట్లాడినందుకు నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు రెండు భాషలూ వచ్చు. మీ ముఖం చూడగానే వాళ్లే స్పానిష్‌లోకో ఇంగ్లిష్‌లోకో మారిపోతారు. నాకు మనసుకు కష్టంగా అనిపించేది ఆ మారిపోవడమే. దాని సంగతి తర్వాత చెప్తాను.

మీరు నేర్చుకున్న స్పానిష్ వృథా పోదు. బార్సిలోనా హోటళ్లలో, కాఫీ షాపుల్లో పనిచేసేవాళ్లలో చాలామంది లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్లు, వాళ్లకు స్పానిష్ మాతృభాష. రావాల్ పేటలో అయితే పాకిస్తానీల కొట్లు వరసగా ఉంటాయి, మీకు హిందీ వస్తే అక్కడ స్పానిష్ అవసరం కూడా పడదు. అయితే మాట్లాడటం వేరు, చదవడం వేరు. ఆ ఊరు మీతో స్పానిష్‌లో మాట్లాడుతుంది కానీ గోడల మీద, తలుపుల మీద, పలకల మీద రాసేది కాటలాన్‌లో.

ఎయిర్‌పోర్టులో బోర్డులు మూడు భాషల్లో ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. మెట్రోలోకి దిగాక మొదలవుతుంది. బయటికి వెళ్లే దారికి మీరు ‘సలీదా’ అని నేర్చుకుని ఉంటారు, అక్కడ బోర్డు మీద ఉండేది ‘సుర్తీదా’. ప్లాట్‌ఫారం ‘అందెన్’ కాదు, ‘అందానా’. కొట్టు తలుపు మీద ‘తంకాత్’ అని వేలాడుతుంటే మూసేశారని, ‘ఉబెర్త్’ అంటే తెరిచి ఉందని. ఇంగ్లిష్ ఎక్స్ అక్షరం కనిపిస్తే చాలాచోట్ల ‘ష’ అని చదవండి. ఊళ్ల పేర్లు కూడా అంతే. పాత స్పానిష్ పుస్తకాల్లో హెరోనా, లెరిదా అని ఉండే జిల్లాల పేర్లు 1992లో అధికారికంగా జిరోనా, ల్యేడాగా మారాయి. రైలు బోర్డు మీద మీకు కనిపించేవి ఇవే.

ఇక్కడ ఒక ఫిర్యాదు చెప్పుకోవాలి. మనవాళ్లు కొందరు నాలుగు రోజులు తిరిగొచ్చి ‘బార్సిలోనా కాదు, బార్థెలోనా అనాలి’ అని అందరినీ దిద్దుతుంటారు. ఆ ‘థ’ మాడ్రిడ్ వైపు ఉచ్చారణ. కాటలాన్‌లో ఆ ధ్వనే లేదు. ఆ ఊరివాళ్లు తమ భాషలో తమ ఊరిని ‘స’తోనే పలుకుతారు, మనం ఇన్నాళ్లూ అంటున్నదే వాళ్లకు దగ్గర.

చదవడం అసలు అవసరమయ్యేది తిండి దగ్గర. అమ్మానాన్నలతో వెళ్తున్నారు కాబట్టి ఇది వివరంగా చెప్తాను. మా అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఆమె వచ్చినప్పుడు ఒక శనివారం విక్ అనే ఊరికి తీసుకెళ్లాను. బార్సిలోనాకు ఉత్తరాన, ఆర్3 రైల్లో గంటకు పైగా ప్రయాణం. మంగళవారం, శనివారం అక్కడి పెద్ద చౌక్‌లో సంత జరుగుతుంది. చుట్టూ కమాను వరండాల పాత ఇళ్లు, మధ్యలో కూరగాయలు, జున్ను, పుట్టగొడుగులు, పూలమొక్కలు. అయితే విక్‌కు అసలు పేరు తెచ్చింది పంది మాంసంతో చేసి ఆరబెట్టే సాసేజ్‌లు. అంగడి అంగడికీ దండల్లా వేలాడుతుంటాయి. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, జున్ను అంగళ్ల దగ్గర మాత్రం ఆగుతూ సంతంతా తిరిగింది. ఆమెకు సంతలంటే ప్రాణం. ధరలు అడగమనేది, నేను అడిగి చెప్పేవరకూ కదిలేది కాదు.

మధ్యాహ్నం భోజనానికి పక్కసందులో ఒక చిన్న హోటల్ దొరికింది. మాతో విజయవాడ నుంచి వచ్చిన స్నేహితుడు ఉన్నాడు, అతని స్పానిష్ నాకంటే మెరుగు. గుమ్మం దగ్గర నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆనాటి వంటలు రాసి ఉన్నాయి, మొత్తం కాటలాన్‌లో. అతను ఫోన్ తీసి అనువాదం యాప్ పెట్టాడు. చేతిరాత, పైగా యాప్‌లో భాష స్పానిష్‌కి పెట్టి ఉంది, తలాతోకా లేని మాటలు వచ్చాయి. ‘ఇక్కడ వద్దు, అమ్మగారికి ఏం పెడతారో ఏమో’ అన్నాడు. నాకు ఆ బోర్డు చదవడం వచ్చు. శనగలు ‘సిగ్రోన్స్’, స్పానిష్‌లో గర్బాన్సోస్. చిక్కుడు గింజలు ‘ముంజేటస్’. చికెన్ ‘పుల్యాస్త్ర’, స్పానిష్ పోయో తెలిసినవాళ్లకు ఇది అందదు. జున్ను ‘ఫుర్మాట్జ’, స్పానిష్‌లో కేసో. చేప ‘పెష్’. అన్నిటికంటే ముఖ్యంగా ‘పర్నిల్’ అనే మాట గుర్తుపెట్టుకోండి, అది స్పానిష్‌లో హమోన్, అంటే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ. పాలకూరలో, శనగల్లో, సూపులో చిన్న ముక్కలుగా వేసి, దాన్ని మాంసం కింద లెక్కే వేయని వంటవాళ్లు స్పెయిన్ అంతటా ఉన్నారు. ‘మాంసం లేదు’ అని నమ్మకంగా చెప్పి పర్నిల్ ముక్కలతో తెచ్చిపెట్టినవాళ్లను నేను చూశాను. శాకాహారులు మాంసం, పర్నిల్, చేప, గుడ్డు విడివిడిగా పేరు పెట్టి అడగాలి.

లోపల వడ్డిస్తున్నావిడకు డెబ్బై దాటి ఉంటాయి. వంటింట్లోకి కాటలాన్‌లో కేకేసి, మావైపు తిరగగానే స్పానిష్ అందుకుంది. నేను ‘బోన్ దియా’ అని, మా అమ్మ ఏమేం తినదో కాటలాన్‌లోనే చెప్పాను. ఆమె క్షణం ఆగి నన్ను చూసింది. తర్వాత కాటలాన్‌లోనే, నాకు అందేలా నెమ్మదిగా మాట్లాడింది. పాలకూర శనగల్లో పర్నిల్ వేసే వండామని, ఏరి తీసేస్తే సరిపోదని, అమ్మకు వేరే గిన్నెలో చేయిస్తానని చెప్పింది. ఏరి తీసేస్తే సరిపోదన్న మాట మనం అడగకుండా వాళ్ల నోట వినడం అక్కడ ఎంత అరుదో ఉన్నవాళ్లకు తెలుసు. కాల్చిన వంకాయ, క్యాప్సికం చీలికల మీద ఆలివ్ నూనె పోసి పెట్టే ‘అస్కలివాదా’ తెచ్చింది, మీద వేసే ఆంచొవీ చేపలు తీసేయించి. పక్కన ‘అల్యోలీ’ పెట్టింది. చాలా హోటళ్లలో దాన్ని గుడ్డుతో చేస్తారు. తమ ఇంట్లో వెల్లుల్లి, నూనె రోట్లో నూరడమే తప్ప గుడ్డు వేయమని ఆమె అమ్మ వైపు తిరిగి చేతులతో నూరి చూపించింది. అమ్మ రుచి చూసి, మన వంకాయ పచ్చడిలో చింతపండు, పచ్చిమిర్చి మరిచిపోయినట్టుందని చెప్పి, మొత్తం తినేసింది.

జనం పలచబడ్డాక ఆవిడ కుర్చీ లాక్కుని మా దగ్గర కూర్చుంది. నల్లబల్ల మీద రాత తనదేనట. చిన్నప్పుడు బడిలో చదువంతా స్పానిష్‌లోనే, ఆటస్థలంలో కాటలాన్ మాట్లాడితే టీచర్ తిట్టేదట. పెళ్లికి ముందు ఆయన మిలిటరీలో ఉన్నప్పుడు ఇద్దరూ ఉత్తరాలు స్పానిష్‌లో రాసుకునేవారు. జీవితంలో ఏ రోజూ ఒకరితో ఒకరు స్పానిష్ మాట్లాడుకోని మనుషులు! సొంత భాషలో అక్షరం ఎలా పెట్టాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. స్పెయిన్‌ను ఏలిన నియంత ఫ్రాంకో పోయాక, పిల్లలు పెద్దయ్యాక, సాయంత్రం తరగతులకు వెళ్లి రాయడం నేర్చుకుందట. అందుకే ప్రింటు మెనూ వద్దని రోజూ తనే రాస్తానంటుంది.

నేను ఇది తెలుగులో చెప్తుంటే అమ్మ వినీ వినీ, ‘మన పిల్లల సంగతీ ఇంతే కదా’ అంది. మాది హోసూరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మా అక్క పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, తెలుగు పేపరు ఇస్తే ఒక్క వరుస చదవలేరు. అమ్మ ఆవిడను ‘అక్కా’ అని పిలిచి, తెలుగులోనే ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నేను మధ్యలో అనువాదం చేస్తూ కూర్చున్నాను. నేను స్పానిష్‌లో అడిగినా ఆ రోజు భోజనం దొరికేదే. ఆ కబుర్లు మాత్రం దొరికేవి కావని నా గట్టి నమ్మకం.

‘ఇది స్పెయిన్ కదా, అందరూ స్పానిష్ వాడితే గొడవ ఉండదు కదా’ అని మనవాళ్లే అంటుంటారు. తెలుగువాళ్లు ఆ మాట అంటే నాకు అస్సలు సహించదు. స్పెయిన్ 1978 రాజ్యాంగమే మూడో ఆర్టికల్‌లో స్పానిష్‌తో పాటు మిగతా భాషలు వాటి వాటి ప్రాంతాల్లో అధికార భాషలని రాసుకుంది. కాటలాన్ స్పానిష్‌కు యాస కాదు. అది లాటిన్ నుంచి నేరుగా వచ్చిన వేరే భాష, దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆక్సిటాన్‌కు దగ్గరి చుట్టం. 1939 నుంచి 1975 దాకా ఫ్రాంకో పాలనలో బడుల్లోంచి, ఆఫీసుల్లోంచి దాన్ని తీసేశారు. పిల్లలకు కాటలాన్ పేర్లు రిజిస్టర్ చేయనిచ్చేవారు కాదు. అదే కాలంలో అందాలూసియా, ఎస్త్రెమదూరా, ముర్సియాల నుంచి లక్షలమంది పనికోసం వచ్చి బార్సిలోనా శివార్లలో స్థిరపడ్డారు. వాళ్లకు ఆ భాష నేర్పే బడే లేదు. అందుకే ఇప్పటికీ ఒస్పితాలెత్, కుర్నెల్యా వైపు వీధుల్లో స్పానిష్ ఎక్కువ వినిపిస్తుంది, జిరోనా, విక్, ఒలోత్ వైపు కాటలాన్. 1983 చట్టం తర్వాత బడులు మళ్లీ కాటలాన్‌లోకి వచ్చాయి.

అయినా భాష తగ్గుతోంది. బార్సిలోనా రాజధానిగా ఉన్న కాటలోనియా ప్రాంత ప్రభుత్వం ఐదేళ్లకోసారి పదిహేనేళ్లు దాటినవాళ్లతో భాషల సర్వే చేస్తుంది. రోజువారీ భాష కాటలాన్ అన్నవాళ్లు 2003లో 46 శాతం, 2018లో 36.1 శాతం, 2023లో 32.6 శాతం. అర్థమవుతుందనేవాళ్లు మాత్రం 93 శాతం పైనే. అందరికీ అర్థమయ్యే భాష వాడుకలో తగ్గిపోతోందంటే కారణం నాకు ఒకటే కనిపిస్తుంది: ఎదుటి మనిషి కొత్తగా కనిపిస్తే వాళ్లే మర్యాదకు తమ భాష వదిలేస్తున్నారు. వలస లెక్కలు, పిల్లల ఫోన్లు, వీడియోలు అంటూ ఇంకా కారణాలు చెప్పేవాళ్లున్నారు. నేను ఆఫీసులో రోజూ చూసింది ఈ మర్యాదనే. పదిమంది కాటలాన్‌లో మాట్లాడుకుంటున్న గదిలోకి నేను వెళ్లగానే పదిమందీ స్పానిష్‌లోకి మారేవారు. నాకు అర్థమవుతుంది, కానివ్వండి అని చెప్పాక కూడా కొందరికి అలవాటు పోలేదు.

కాబట్టి మీరు చేయాల్సింది చిన్నదే. పలకరింపు కాటలాన్‌లో మొదలుపెట్టండి. పొద్దున ‘బోన్ దియా’, మధ్యాహ్నం నుంచి ‘బొన తార్ద’, రాత్రి ‘బొన నిత్’. దయచేసి అనడానికి ‘సిస్‌ప్లౌ’, థాంక్స్‌కు ‘గ్రాసియస్’, వెళ్లేటప్పుడు ‘అదేవ్’. తర్వాత మీకు వచ్చిన స్పానిష్‌లోకి వెళ్లిపోండి, ఎవరూ తప్పు పట్టరు. ఎదుటివాళ్లు లాటిన్ అమెరికా మనిషై స్పానిష్‌లో బదులిస్తే అలాగే కొనసాగించండి. స్పెయిన్ నుంచి కాటలోనియా విడిపోవాలా అని 2017 అక్టోబర్ 1న జరిగిన రెఫరెండం సంగతి మాత్రం తెలియనివాళ్ల దగ్గర మీ అంతట మీరు ఎత్తొద్దు. ఒకే ఇంట్లో అన్నదమ్ములకే ఆ విషయంలో పడదు. కాటలాన్ మాట్లాడే ప్రతి ఒక్కరూ విడిపోవాలనుకునేవాళ్లు కాదు, ‘గ్రాసియస్’ అన్నంత మాత్రాన మీరు ఎవరి పక్షమూ చేరినట్టు కాదు.

ఆండోరా గురించి. అక్కడ అధికార భాష కాటలాన్ ఒక్కటే, కాబట్టి బోర్డులు చదవడం నేర్చుకున్నది అక్కడా పనికొస్తుంది. కొట్లలో స్పానిష్, ఫ్రెంచ్ రెండూ నడుస్తాయి. బార్సిలోనా నుంచి బస్సులో మూడు గంటలకు అటూ ఇటూ. కానీ ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో ఆండోరా లేదు. మన పాస్‌పోర్టుతో అక్కడికి వెళ్తే షెంగెన్ దాటినట్టే లెక్క, తిరిగి స్పెయిన్‌లోకి రావడం రెండో ప్రవేశం అవుతుంది. మీ ముగ్గురి వీసాల్లో సింగిల్ ఎంట్రీ ఉందో మల్టిపుల్ ఉందో బస్సు టికెట్లు కొనకముందే చూసుకోండి.