బియ్యం పోసి బొరుగులు రాలేదంటే ఎట్లా?

ప్రశ్న: అట్టపెట్టెలో అరటి హస్తాల మధ్య వేసే పలుచని ఫోమ్ షీట్లను భూమిలో కలిసిపోయే ప్లాస్టిక్‌తో చేద్దామని ఒక బస్తా పీఎల్ఏ గుళికలు తెప్పించినాను. తెలిసినాయన థర్మకోల్ అచ్చులో పోసి ఆవిరి పట్టినాం. పొంగలేదు. పాకం ముదిరిన చెనిక్కాయల ఉండ మాదిరి గడ్డ కట్టింది. అమ్మినవాడు మోసం చేసినాడా?
- ఒక రైతు, నార్పల, అనంతపురం జిల్లా

జవాబు: ఆయన్ను తిట్టొద్దు నాయనా. ఒకసారి బొరుగుల బట్టీకి పోయి చూడు. మామూలు బియ్యం కాగిన ఇసుకలో పోస్తే మాడతాయి గానీ పొంగవు. ఉడికించి ఆరబెట్టి ఉప్పునీళ్లు పట్టించినవైతేనే లోపలి తేమ ఆవిరై ఒక్క ఊపున ఉబ్బుతాయి. థర్మకోల్ గుళికా అంతే. ఫ్యాక్టరీలోనే దాని కడుపులో పెంటేన్ అనే, తొందరగా ఆవిరయ్యే ద్రవం పట్టించి పంపుతారు, ఆవిరి తగిలితే నలభై రెట్ల దాకా పొంగుతుంది. నీ గుళికలో అట్లాంటిదేమీ లేదు. మొక్కజొన్న పిండినో చెరకు చక్కెరనో పులియబెట్టి తీసిన లాక్టిక్ ఆమ్లంతో చేసిన గట్టి ప్లాస్టిక్ అది. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. నువ్వేమో 100 డిగ్రీల ఆవిరి పట్టినావు!

పొంగాలంటే పీడనపాత్రలో కార్బన్ డయాక్సైడ్‌ను గుళికలోకి ఎక్కించాలి. అప్పుడు కూడా స్ఫటికాలతో, అంటే ప్లాస్టిక్ అణువులు వరసగా పేరుకుని గట్టిపడే చోట్లతో తంటా: అవి ఎక్కువ కడితే గుళిక బిగుసుకుపోతుంది, అసలు కట్టకపోతే అచ్చులో కుంగిపోతుంది. పాత డ్రమ్ము, సిలిండరు పెట్టుకుని ఇంటికాడ మాత్రం ప్రయత్నించొద్దు. పేలితే మనిషి దక్కడు.

అయినా ఆ పద్ధతి పెట్టెలకు, దిమ్మెలకు. నీకు కావాల్సిన రెండు మూడు మిల్లీమీటర్ల షీటుకు ఎక్స్‌ట్రూడర్ కావాలి. గుళికలు కరిగించి, ఆ ముద్దలోకే గ్యాస్ ఎక్కించి, గుండ్రటి సందులోంచి గొట్టంలా బయటికి లాగి, నిలువునా కోసి పరుస్తారు. నేను మిషన్ మీద ఉన్న రోజుల్లో వానాకాలం ఒకసారి మూతి విప్పి వదిలేసిన బస్తాను అట్లే పోసినాం. ముద్ద గంజిలా కారింది, గ్యాస్ నిలవలేదు, షీటంతా చిల్లులే. కరిగే వేడిలో తేమ ఉంటే పీఎల్ఏలోని పొడవాటి అణువుల గొలుసులు తెగిపోతాయి. మిగిలిన సరుకును డ్రయ్యర్లో ఆరబెట్టి వేస్తే దారికొచ్చింది.

ఇంకోటి, మన ఎండల సంగతి. అరటి పంపే 13, 14 డిగ్రీల చల్లని కంటైనర్లో ఈ షీటుకు ఢోకా లేదు. మే నెలలో ఎండకు నిలిపిన మూసిన లారీలోనే మెత్తబడుతుందేమోనని భయం.

షీట్లు తోటలో పారేస్తే కరుగుతాయనుకోవద్దు. 58 డిగ్రీల వేడి నిలకడగా ఉండే కంపోస్టు యూనిట్లో అయితే నెలల్లో విరిగిపోతాయి, మన పెంటదిబ్బలో ఏండ్లు పడుంటాయి. కంపోస్టయ్యే సరుకని రాసి అమ్మాలంటే కంపోస్టయ్యే ప్లాస్టిక్‌కు పెట్టిన ప్రమాణం ఐఎస్ 17088 ప్రకారం పరీక్ష, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ తప్పవు.

మిగిలిన గుళికల బస్తా మూతి గట్టిగా బిగించు. ఎక్స్‌ట్రూడర్ ఉన్నవాళ్ల దగ్గరికి పోతే, గ్యాస్ ఎక్కించే ఏర్పాటు ఉందా అని ముందు అడుగు.