కారు ముందే పాడవ్వాలి

తమ్ముడూ,

నీ హాస్యకథ చదివాను. పెళ్లి భోజనాల్లో పెదనాన్న సాంబారు బకెట్టుతో సహా వియ్యపురాలి మీద పడే చోట నవ్వొచ్చింది. నవ్వి, పేజీ తిప్పేశాను. అసలు ఆ బకెట్టు ఆయన చేతికెందుకు వచ్చిందో కథంతా వెతికినా దొరకలేదు. అరటితొక్క మీద కాలేశాడని రాశావు. తొక్క మీద ఎవరైనా కాలేస్తారు, ఆయనే కానక్కర్లేదు. నీ కథలో లోపమల్లా అదే.

ఉపన్యాసం ఇచ్చే ఓపిక నాకు లేదు గానీ, ‘ఫాల్టీ టవర్స్’ అనే పాత బీబీసీ సీరియల్లో ‘గూర్మే నైట్’ ఎపిసోడ్ చూడు. 1975 అక్టోబరులో ప్రసారమైంది. అరగంటే. మొదటిసారి నవ్వుకోవడానికి చూడు, రెండోసారి కాగితం, పెన్ను పట్టుకుని చూడు.

ఇంగ్లండ్‌లో టార్కీ అనే సముద్రతీర పట్నంలో ఒక హోటల్. దాని యజమాని బేసిల్ ఫాల్టీ పిసినారి. పైగా గొప్పింటివాళ్లతో రాసుకుపూసుకు తిరగాలని యావ. ఎపిసోడ్ మొదట్లోనే కారు మొరాయిస్తుంటుంది. గ్యారేజీకి ఇవ్వమంటుంది భార్య సిబిల్. డబ్బు దండగని బేసిల్ తనే విప్పి బిగిస్తుంటాడు. ఆ తర్వాత కథ ఇంకెటో పోతుంది, మనం కారు సంగతి మరిచిపోతాం.

పెద్దమనుషుల కోసం స్పెషల్ విందు పెడతాడు. అల్లాటప్పా జనం రావద్దని ప్రకటనలోనే వేయిస్తాడు. తీరా చూస్తే వచ్చింది నలుగురు. కొత్త వంటవాడు కర్టేమో వెయిటర్ మాన్యుయెల్ మీద మనసుపడి, కాదనిపించుకుని, పీకలదాకా తాగి పడిపోతాడు. ఇక స్నేహితుడు ఆండ్రే రెస్టారెంటే గతి. అక్కడ దొరికేది బాతు ఒక్కటే. కాబట్టి ఆ రాత్రి మెనూ: నారింజతో బాతు, చెర్రీలతో బాతు, ఆ రెండూ లేని బాతు. బాతు తిననివాళ్లకు ఉపవాసమే.

మొదటి బాతు వంటింట్లో నేలపాలవుతుంది. మాన్యుయెల్ కాలు సరిగ్గా దాన్లోనే దిగబడుతుంది. రెండోదానికి బేసిల్ మళ్లీ పరుగెడతాడు. తిరిగొస్తుంటే నడిరోడ్డు మీద కారు ఆగిపోతుంది. ఏ కారు? గ్యారేజీకి ఇవ్వని కారు!

ఇక్కడ ఆపి చూడు. ముందు కారుని తిడతాడు. మూడు లెక్కపెట్టేలోగా కదలాలని గడువిస్తాడు. కదలదు. దిగి ఎటో పరుగెత్తి పోతాడు. కెమెరా ఆయన వెంట పోదు. తెర మీద కారు ఒక్కటే ఉంటుంది. అంతలో ఓ చెట్టుకొమ్మ పట్టుకుని పరిగెత్తుకొచ్చి, అల్లరి పిల్లాణ్ణి బాదినట్టు కారుని బాదుతాడు. బేసిల్ వేషం వేసిన జాన్ క్లీస్ మొహంలో నవ్వించాలన్న తాపత్రయం వెతుకు, మచ్చుకైనా కనిపించదు. బేసిల్‌కి అది నిజంగా జీవన్మరణ సమస్య. నీ పెదనాన్న పడేముందు ‘కొంటెగా’ నవ్వాడని రాశావే, ఆ మాట కొట్టెయ్.

చివరికి పళ్లెం మోసుకొచ్చి అతిథుల ముందు మూత తీస్తాడు. ఆండ్రే దగ్గరి హడావుడిలో పళ్లేలు తారుమారయ్యాయి. లోపల ట్రైఫిల్. అంటే కేకు, కస్టర్డ్, క్రీమ్ పొరలుపొరలుగా వేసే స్వీటు. బాతు అడుగున ఉందేమో అన్నట్టు రెండు చేతులూ పెట్టి కెలుకుతాడు! నవ్వు కస్టర్డ్ పూసుకున్న చేతుల్లో లేదు, ఇంకా ఆశ చావకపోవడంలో ఉంది.

దీన్ని క్లీస్, కోనీ బూత్ అనే నటి కలిసి రాశారు. పనిమనిషి పాలీ వేషం ఆవిడదే. మొత్తం సీరియల్ 12 ఎపిసోడ్లే, 1975లో ఆరు, 1979లో ఆరు. బేసిల్ కూడా గాల్లోంచి ఊడిపడలేదు. 1970లో క్లీస్ ఉన్న మాంటీ పైథాన్ అనే హాస్యనటుల బృందం టార్కీలో ఒక హోటల్లో దిగింది. భోజనం దగ్గర ఆ బృందంలోని అమెరికన్ టెర్రీ గిలియమ్ ఫోర్కు పట్టుకునే తీరుని కూడా ఆ యజమాని తప్పుపట్టాడట. మిగతావాళ్లు వేరే హోటల్‌కి మారినా క్లీస్ అక్కడే ఉండిపోయాడు. అలాంటి మనిషి ఎదురుపడ్డప్పుడు రచయిత అనేవాడు సామాను సర్దుకోడు మరి.

నీ పెదనాన్నకీ ఓ యావ తగిలించు. వడ్డించేవాళ్లను తగ్గించి డబ్బు మిగిల్చింది ఆయనే అనుకో. దాన్ని మొదటి పేజీలో, ఎవరి కంటా పడకుండా, ఒక్క వాక్యంలో పెట్టెయ్. పెళ్లినాటికి బకెట్టు దానంతటదే ఆయన చేతికొస్తుంది.

ఆ ఎపిసోడ్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. అతిథుల్లో ఒక కల్నల్‌కి తల అదిరే జబ్బు. ఇంకో అతిథి ఇంటిపేరు ట్విచెన్, ‘ట్విచ్’ అంటేనేమో ఆ అదురే. ఆ పేరు పలికితే కల్నల్‌ని వెక్కిరించినట్టవుతుందని బేసిల్ నీళ్లు నములుతుంటే భలే ఉంటుంది, అక్కడ మనం నవ్వేది బేసిల్‌ని చూసి. కల్నల్ తల అదిరిన ప్రతిసారీ నవ్వమంటే మాత్రం నాకు నవ్వు రాదు. నీ రెండో కథలో నత్తిగా మాట్లాడే పోస్ట్‌మాన్‌తో నువ్వు చేసిందీ అదే. ఆ కథ ఇప్పుడే పత్రికకి పంపకు.

ఉంటాను.