ఎక్స్‌రేలో గుండె పెద్దదిగా కనిపిస్తే జబ్బు ఉన్నట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మకు 63 ఏళ్లు, షుగర్ ఉంది. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది. నీరసంగా ఉందని మంచం మీదే ఎక్స్‌రే తీశారు. గుండె పెరిగిందని, కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉందని రిపోర్టు ఇచ్చారు. ఫిల్మ్‌లో మచ్చ నాకు ఎడమ పక్క కనిపిస్తోంది. రిపోర్టు తప్పా? గుండె డాక్టరుకు చూపించడానికి విశాఖ తీసుకెళ్లాలా? ఫోటో పంపుతున్నాను.

జవాబు: రిపోర్టు తప్పేమీ కాదండి. ఛాతీ ఎక్స్‌రేని మనిషి మనకు ఎదురుగా నిలబడ్డట్టు పెట్టి చూస్తాం. అమ్మగారి కుడి మీకు ఎడమవుతుంది. ఫిల్మ్ మూలన ఆర్ అనో ఎల్ అనో ఉంటుంది, ముందు దాన్ని వెతకాలి.

మీ ఫోటోలో ఆ పక్కనే 'ఏపీ' అని కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ అనుకునేరు! కిరణాలు ముందు నుంచి వెనక్కి వెళ్లాయని దాని అర్థం. మీ గుండె భయానికి సగం జవాబు అక్కడే ఉంది. మామూలుగా మనిషిని నిలబెట్టి, ఛాతీని బొమ్మ పడే ప్లేటుకు ఆనించి, సుమారు 6 అడుగుల దూరం నుంచి వీపు వైపు నుంచి కిరణాలు పంపుతాం. అది పీఏ. అందులో గుండె ప్లేటుకు దగ్గరగా ఉంటుంది. మంచం మీద తీస్తే ప్లేటు వీపు కిందకు పోతుంది, గుండె దానికి దూరమవుతుంది, మిషనేమో దగ్గరకొస్తుంది. దీపం ముందు చెయ్యిని గోడకు దూరం జరిపితే నీడ పెరుగుతుంది కదా, ఇదీ అంతే. పైగా పడుకుని నిండా ఊపిరి పీల్చడం కష్టం, దాంతో గుండె నీడ ఇంకాస్త వెడల్పవుతుంది. గుండె వెడల్పు ఛాతీ లోపలి వెడల్పులో సగం దాటకూడదనే లెక్క పెద్దవాళ్ల పీఏ ఫిల్మ్‌కే. ఈ ఒక్క ఫిల్మ్ చూసి గుండె జబ్బని నేననను. కాళ్ల వాపులు, వెల్లకిలా పడుకుంటే ఆయాసం ఉంటే మాత్రం ఎక్స్‌రేతో పని లేకుండా ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) చేయించాలి.

నాకు గుండె కంటే ఆ మచ్చ మీదే అనుమానం. ఎక్స్‌రేలో గాలి నల్లగా, ఎముక తెల్లగా పడతాయి. ఊపిరితిత్తిలో తెల్లగా ఉందంటే గాలి ఉండాల్సిన చోట ఇంకేదో ఉన్నట్టు. అది నెమ్మా, టీబీనా, ఎప్పుడో మానిన పాత మచ్చా, గడ్డా అనేది నీడ చెప్పదు. అసలు లోపలిదో కాదో కూడా చూడాలి. ఆడవాళ్ల జడ భుజం మీదుగా ముందుకు పడితే సరిగ్గా ఊపిరితిత్తి పైభాగంలోనే మసకగా మచ్చలా పడుతుంది. తాళి గొలుసు, పిన్నీసు అయితే చూడగానే తెలిసిపోతాయి, జడే మోసం చేస్తుంది.

ఇంకొకటి, మీ ఫోటోలో ఊపిరితిత్తుల కింది మూలలు తెగిపోయాయి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే నిలబెట్టి తీసిన ఫిల్మ్‌లో ముందు పదును పోయి మొద్దుగా కనిపించేది ఆ మూలలే. అదీ 200 మిల్లీలీటర్ల దాకా చేరితే గానీ తేలదు. పడుకోబెట్టి తీస్తే ఆ నీరు వెనక్కి పరుచుకుని మూల శుభ్రంగానే కనిపించవచ్చు.

అందుకని విశాఖ ప్రయాణం ఇప్పుడే వద్దు. అమ్మగారు నిలబడగలిగితే జడ పైకి కట్టించి, గొలుసులు తీయించి పీఏ ఎక్స్‌రే తీయించండి. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష తప్పనిసరి, షుగర్ ఉన్నవాళ్లకు మరీను. మీ ఊళ్లోని జిల్లా ప్రధాన ఆసుపత్రికి వెళ్లండి, ప్రభుత్వాసుపత్రుల్లో టీబీకి పరీక్ష, మందులు ఉచితం. ఉమ్మి కాకుండా లోపలి నుంచి దగ్గి తీసిన తెమడ ఇవ్వాలి. ఆ రిజల్ట్ వచ్చేదాకా మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్స్ వేయకండి. పాత ఎక్స్‌రే ఏదైనా ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్లండి. అందులోనూ అదే చోట అదే మచ్చ ఉంటే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. ఈలోగా దగ్గులో నెత్తురు పడినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.