పులిపిర్లు కాల్పించుకున్నాక టీకా వేయించుకుంటే మళ్లీ రావా?

మిర్యాలగూడ నుంచి ఒకరి ప్రశ్న: మర్మాంగం మీది పులిపిర్లను కరెంటుతో కాల్పించుకున్నాను, రెండు నెలలకే బియ్యపు గింజంతవి రెండు మళ్లీ లేచాయి. హెచ్‌పీవీ టీకాతో ఆగుతాయా?

ఆగుతాయని హామీ ఇవ్వలేం. కాల్చినా, మందు రాసినా పోయేది పైకి కనబడేదే. చుట్టూ చర్మంలో వీటిని తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్ మిగిలి ఉంటుంది. అందుకే మొదటి మూడు నెలల్లో తిరగబెట్టడం మామూలే, టెన్షన్ పడకండి. లోపలున్న ఆ వైరస్‌ను టీకా చంపదు.

అలాగని టీకా దండగ కాదు. హెచ్‌పీవీలో చాలా రకాలుంటాయి, వాటికి నంబర్లే పేర్లు. ఈ పులిపిర్లలో దాదాపు 90 శాతం 6, 11 రకాల వల్లే వస్తాయి. క్యాన్సర్ తెచ్చేవాటిలో ముఖ్యమైనవి 16, 18. వీటిలో మీకింకా సోకని రకాల నుంచి టీకా కాపాడుతుంది. గార్డసిల్ అనే టీకాలోనూ, పుణెలో తయారయ్యే సెర్వావాక్ టీకాలోనూ ఈ నాలుగూ ఉన్నాయి. సెర్వారిక్స్ అనే టీకాలో మాత్రం 16, 18 మాత్రమే ఉంటాయి, పేరు చూసి తీసుకోండి. 15 ఏళ్లు దాటితే మూడు డోసులు: మొదటిది వేసుకున్న రెండు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. మీ వయసు 26 లోపైతే వేయించుకోమనే అంటాను. దాటితే డాక్టర్‌నడిగి నిర్ణయించుకోండి.

మళ్లీ లేచినవాటికి మళ్లీ వైద్యమే దారి. మన ఊళ్లలో చేతి పులిపిర్లకు సున్నం, చాకలి సోడా కలిపి పెడతారు చూడండి, అక్కడ మాత్రం అస్సలు వద్దు, పుండు పడుతుంది. సిగ్గుపడకుండా నల్లగొండలో చర్మ డాక్టర్‌కు చూపించుకోండి. సిగరెట్ ఉంటే మానేయండి. పెళ్లయితే మీ ఆవిడకూ చెప్పి, ఆమెనూ పరీక్ష చేయించుకోమనండి.